రంగూన్ గుడిలో జక్కయ్య

జక్కయ్య పుట్టింది పల్నాడులో, వెల్దుర్తి మాలపల్లెలో. ఊరి గుడిని అతను బాట మీదనుంచే చూశాడు. చూశాడనడం కూడా ఎక్కువే. శిఖరం కనపడేది, గంట వినపడేది. లోపల ఏముంటుందో తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. వాళ్ళది రెండు తరాలుగా కిరస్తానీ కుటుంబం. ఆదివారం పొద్దున గడ్డి కప్పిన చర్చిలో చాప మీద కూర్చునేవాళ్ళు. మిగతా రోజుల్లో ఎవరి మెట్టచేలో పని ఉంటే అక్కడికి పోయేవాళ్ళు.

వయసు వచ్చాక దుర్గిలో రాళ్ళు మోశాడు. దుర్గి శిల్పులు బొమ్మలు చెక్కే రాయిని కొండ దగ్గర బండ్లకెత్తడం, వాళ్ళ పనిపాక ముందు దించడం. దించేవరకే అతని పని. ఉలి పడ్డ తర్వాత ఆ రాయిని ముట్టకూడదు. ఒకసారి బండ జారి ఎడమ కాలి మీద పడింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి. బ్రహ్మయ్య అనే శిల్పి పరుగున వచ్చి, ముందు రాయి అంచు తడిమి చూసుకున్నాడు. పగల్లేదని తెలిశాక కాలు చూశాడు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వానల్లేవు. విశాఖపట్నం వైపు నుంచి ఒక మేస్త్రీ వచ్చి, రంగూన్‌లో బియ్యం మిల్లులు మళ్ళీ తెరిచారని, మనుషులు కావాలని చెప్పాడు. జక్కయ్యకు అమ్మా నాన్నా లేరు. పెళ్ళి కాలేదు. అక్క సారమ్మ ఒక్కతే. ఆమె చద్దిమూట కట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపింది.

మిల్లు ఏటి ఒడ్డున ఉండేది. పగలంతా ఊకదుమ్ము. రాత్రి కూలీల కొట్టంలో చెక్కబల్లల మీద నిద్ర. పక్క బల్లవాడిది గంజాం, అతని ఒరియా మాట తెలిసేది కాదు. మొదటి నెలంతా మేస్త్రీ తిట్లు తప్ప అతని చెవిన తెలుగు పడలేదు.

సెలవు దొరికిన మొదటి రోజు ఊరు చూడబోయాడు. బంగారు పూత పూసిన బుద్ధుడి గోపురం చుట్టూ తిరిగాడు. చెంపలకు గంధంలాంటిది పూసుకున్న ఆడవాళ్ళు చుట్టలు కాలుస్తూ పూలు అమ్ముతున్నారు. అక్కడినుంచి మొగల్ వీధి పట్టుకుని పోయాడు. ఆ వీధితో బర్మా అయిపోయి మన దేశం మొదలైనట్టుంది. మసీదు ముందు అత్తరు కొట్లు, చెట్టియార్ల లావాదేవీల గదులు, మిఠాయి అంగళ్ళు, నూలు బట్టల దుకాణాలు. అరవం, హిందుస్తానీ, ఇంకేవో భాషలు. ఒక సందు మలుపులో ఎవరో ఆడమనిషి ఎవరినో తిడుతోంది. మొదట అది ఏ భాషో అతనికి తట్టలేదు. తర్వాత కాళ్ళు ఆగిపోయాయి. ఆమె తెలుగులో తిడుతోంది.

ఆమె మహాలక్ష్మమ్మ. విజయనగరం దగ్గర ఏదో పల్లె ఆమెది. మొగుడు రేవులో చచ్చిపోతే ఆ సందులో అన్నం వండి కూలీలకు పెట్టి బతుకుతోంది. బియ్యంలో రాళ్ళు కలిపిన కోమటిని తిడుతూ, వాకిట్లో నిలబడిపోయిన ఈ మనిషిని చూసి, తినడానికి వచ్చావా, తిట్లు వినడానికి వచ్చావా అని అడిగింది. రెండింటికీ అన్నాడు. ఆమె నవ్వి పళ్ళెం పెట్టింది.

అన్నం తిని బయటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. రంగూన్ వాన. పరిగెత్తి ఎదురుగా కనపడ్డ రేకుల పంచలోకి దూరాడు. అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. వెనకనుంచి మనుషులు తోసుకు రావడంతో లోపలికి, ఇంకా లోపలికి జరిగాడు. దీపాలు కనపడ్డాక గాని అది గుడి అని తెలియలేదు. యుద్ధంలో బాంబు పడి పాత గుడి కాలిపోతే, అక్కడి తెలుగువాళ్ళు రేకులు వేసి, గోపాలస్వామి పటం పెట్టుకున్నారు.

వెనక్కి తిరిగాడు. దారి లేదు. పూజారి పళ్ళెంతో ఎదురుగా వచ్చి పేరు అడిగాడు. జక్కయ్య అన్నాడు. ఆ పేరు కిరస్తానీలకూ ఉంది, ఊళ్ళో వాళ్ళకూ ఉంది. గోత్రం అడిగాడు. తెలవదయ్యా అన్నాడు. ఇక్కడికొచ్చేవాళ్ళలో సగంమందికి తెలియదని, తెలియనివాళ్ళందరికీ అచ్యుత గోత్రమేనని పూజారి చెప్పి, అతని పేరును సంస్కృతంలో ఎక్కడో ఇరికించి చదివి, చేతిలో తీర్థం పోశాడు. జక్కయ్య అది తాగాడు. తులసాకు నాలుక మీద చాలాసేపు ఉంచుకున్నాడు.

ఆ రాత్రి బల్ల మీద వాళ్ళమ్మ నేర్పిన ప్రార్థన చెప్పుకున్నాడు. తప్పు చేశాననిపించలేదు. ఆ గుడిలో అతన్ని పట్టుకున్నది దేవుడు కాదు. వానలో నిలబడ్డ అంతమందీ తెలుగులో వానను తిడుతున్నారు. అది.

తర్వాతి సెలవుకు మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత సెలవు కానిరోజు కూడా, మిల్లు కూత పెట్టగానే. మొదట చెప్పుల దగ్గర కూర్చున్నాడు. తర్వాత నీళ్ళు తెచ్చాడు. తర్వాత బర్మా ఆడవాళ్ళ దగ్గర బేరమాడి పూలు తేవడం అతని వంతయింది. నాలుగేళ్ళు గడిచేసరికి దీపాలు వెలిగించేదీ, గంట కొట్టేదీ, పండగనాడు పల్లకీ ముందరి కొమ్ము మోసేదీ అతనే. గుడి పెద్ద వెంకట్రామయ్యగారు కాకినాడవారు, కలప వ్యాపారి. ఆయన కొత్తవాళ్ళెవరు వచ్చినా, మా పల్నాటి జక్కయ్య అని చూపించేవాడు. పండగ భోజనాల్లో తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మీ పల్నాడులో అందరూ ఒకే చాప మీద తింటారటగా, చాపకూడు అంటారటగా అని అడిగేవాడు. జక్కయ్య అవునండీ అనేవాడు. మహాలక్ష్మమ్మ అతన్ని తమ్ముడూ అని పిలిచేది. ఆమెకు జ్వరం వస్తే పొయ్యి అంటించి గంజి కాచేది అతనే.

నీ కులమేదని ఎవరూ అడగలేదు. అతను అబద్ధం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు, అంతే.

అతను రంగూన్ వచ్చి పదేళ్ళయ్యాక, పటం తీసి రాతి విగ్రహం పెట్టాలని పెద్దలు అనుకున్నారు. మంచి శిల్పులెక్కడ ఉన్నారని మాట వచ్చింది. కంచి అన్నారొకరు, తంజావూరన్నారు ఇంకొకరు. జక్కయ్య పూలబుట్ట దించి, మా ఊరి పక్కన దుర్గి ఉందండీ, వేణుగోపాలస్వాములను వాళ్ళు చెక్కినట్టు ఎవరూ చెక్కలేరు అన్నాడు.

అనకపోతే పోయేది. ఆ సభలో అందరికీ ఏదో ఒక ఊరి గొప్ప ఉంది. అతనికీ ఒకటి ఉంటే బాగుండునన్న ముచ్చట అతని చేత ఆ మాట అనిపించింది. రాయి వస్తుందనుకున్నాడు. రాయితో మనిషి వస్తాడని అనుకోలేదు.

ఓడ వచ్చిన రోజు వెంకట్రామయ్యగారు అతన్నే రేవుకు తీసుకుపోయారు. గడ్డి కుక్కిన పెద్ద పెట్టె దిగింది. దాని వెనక బ్రహ్మయ్య దిగాడు. జుట్టు నెరిసింది గాని మనిషి మారలేదు. జక్కయ్య ముఖం చూశాడు, ఎడమ కాలి వైపు చూశాడు. మళ్ళీ ముఖం చూశాడు.

"మీ పక్క ఊరివాడేనట. మీ పని గురించి చెప్పింది ఇతనే. మా గుడి గంట కొట్టేదీ ఇతనే," అన్నారు వెంకట్రామయ్యగారు.

"మావోడేనండీ," అన్నాడు బ్రహ్మయ్య. "వీడు పుట్టినకాడనుంచీ ఎరుగుదును."

ఆయన అటు తిరగ్గానే గొంతు తగ్గించాడు.

"ఏరా జక్కా. గంట కొడుతున్నావంటనే."

"అయ్యా," అన్నాడు జక్కయ్య. పదేళ్ళ తర్వాత ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"కొట్టు. కొడితే నాకేం. నేను చెప్పనులే."

చెప్పలేదు. కాని చెప్పనందుకు ఏంకావాలో రోజూ చెప్పాడు. స్నానానికి వేడినీళ్ళు కావాలి. ఒళ్ళు పట్టాలి. ఊరంతా చూడాలి. జక్కయ్య మిల్లుకు సెలవుపెట్టి తిప్పాడు. తాను ఒక్కడే తిరిగి కనిపెట్టుకున్న సందులన్నీ చూపించాడు. పకోడీల గుజరాతీ కొట్టు, అరవవాళ్ళ అమ్మవారి గుడి, రేవులో కళాసీలు కోడిపందాలు వేసే చోటు. ప్రతిచోటా బ్రహ్మయ్య ఏదో ఒకటి కొనిపించుకున్నాడు. నలుగురు ఉన్నప్పుడు జక్కయ్య అనేవాడు, ఎవరూ లేనప్పుడు ఒరేయ్ అనేవాడు. ఒక్కోసారి నలుగురిలోనే, మా జక్కయ్య వాళ్ళ నాన్న అంటూ మొదలుపెట్టి, జక్కయ్య ముఖం చూస్తూ ఆగి, చానా మంచోడు అని ముగించేవాడు. అది అతనికి ఆట.

ఒకరోజు భోజనాల దగ్గర వెంకట్రామయ్యగారు బ్రహ్మయ్యనూ చాపకూడు సంగతి అడిగారు.

"తింటారండీ," అన్నాడు బ్రహ్మయ్య. "కారెంపూడి తిరునాళ్ళలో. ఒక్క పూట. మర్నాడు మళ్ళీ ఎవరి గిన్నె వాళ్ళదే."

అందరూ నవ్వారు. జక్కయ్య కూడా నవ్వాడు.

విగ్రహాన్ని గుడి వెనక పాకలో పెట్టి, బ్రహ్మయ్య మెరుగు పని చేస్తున్నాడు. ఒక సాయంత్రం జక్కయ్యను పిలిచి లక్క తెమ్మన్నాడు. శుద్ధి చేసిన లక్క, మేలైనది. జక్కయ్య ఎందుకని అడగలేదు. తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ చూశాడు. వేణువు పట్టుకున్న కుడిచేతి చిటికెనవేలు దగ్గర, రాతిలో పుట్టుకతోనే ఉన్న సన్నని గీత ఒకటి వేణువు దాకా పోతోంది. బ్రహ్మయ్య లక్క కరిగించి, రాతిపొడి కలిపి, అందులోకి నింపి, అరచేత్తో రుద్దాడు. గీత మాయమైంది.

పుట్టు పగులున్న రాయి పూజకు పనికిరాదని దుర్గిలో రాళ్ళు మోసినవాడికీ తెలుసు. అలాంటి విగ్రహాన్ని ఏట్లో పడేయవలసిందే. వేలు తర్వాత విరిగితే అది వేరు. శాంతి చేసి తొడుగు వేసుకోవచ్చు. రాయి పుట్టుకలోనే దోషం ఉంటే శాంతి లేదు.

బ్రహ్మయ్య తల ఎత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు నా దగ్గరా ఒక రహస్యం ఉంది అనుకున్నాడు జక్కయ్య. అతను నోరు మూసుకుంటే నేను మూసుకుంటాను. ఆ రాత్రి బ్రహ్మయ్య వచ్చాక మొదటిసారి బాగా నిద్రపోయాడు.

ప్రతిష్ఠకు ముందు విగ్రహాన్ని నీళ్ళలో పడుకోబెట్టాలి. ఇటుకలతో తొట్టి కట్టి, ఏటినీళ్ళు నింపారు. మోయడానికి మనుషులు కావాలన్నప్పుడు బ్రహ్మయ్యే అతన్ని పిలిచాడు.

"నువ్వు పట్టరా జక్కయ్యా. రాళ్ళు మోసినోడివి."

జక్కయ్య పట్టాడు. ఉలి పడ్డ రాయిని ముట్టడం అతనికి అదే మొదలు. చల్లగా, మనిషి భుజంలాగా ఉంది.

మూడోరోజు పొద్దున్నే మేళాలతో విగ్రహాన్ని పైకి తీశారు. నీళ్ళు కారిపోయాక పూజారి కెవ్వుమన్నాడు. చిటికెనవేలు లేదు. వేణువు కొస లేదు. తొట్టి అడుగున తడిమితే రెండు ముక్కలూ దొరికాయి. విరిగినచోట, నానిన లక్క తెల్లగా సున్నంలా పొంగి ఉంది.

వెంకట్రామయ్యగారు ముక్కను చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో ఆ తెల్లదనాన్ని నలిపి చూశారు. మేళం ఆగిపోయింది. ఆడవాళ్ళు కొందరు ఏడవడం మొదలుపెట్టారు. అందరూ బ్రహ్మయ్య వైపు చూశారు.

బ్రహ్మయ్య ఎంతోసేపు ఆలోచించలేదు.

"నేను ముందే చెప్పాల్సింది," అన్నాడు. "పోనీలే పొరుగుదేశం గదా అనుకున్నా. ముట్టరాని చెయ్యి పడ్డాక రాయి నిలుస్తదా? వీడు వెల్దుర్తి మాలోడు. కిరస్తానీ."

జక్కయ్య చుట్టూ ఉన్న మనుషులు ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు. అతని చుట్టూ ఖాళీ గచ్చు మిగిలింది.

"లక్క పెట్టాడండీ," అన్నాడు జక్కయ్య. "పగులు ముందే ఉంది. నేనే తెచ్చిచ్చాను లక్క. ఆ తెల్లది లక్కే, చూడండి."

"నువ్వు ఎవరివో ముందు అది చెప్పు," అన్నాడు వెనకనుంచి ఒకడు. అతనితో ఏళ్ళ తరబడి పల్లకీ మోసినవాడే.

జక్కయ్య వెంకట్రామయ్యగారి చేతిలోని ముక్క వైపు చూశాడు. ఆయన దాన్ని ఉత్తరీయంతో శుభ్రంగా తుడుస్తున్నారు.

"బ్రహ్మయ్య చెప్పింది నిజమేనా?" అని అడిగారు ఆయన.

"నిజమేనండీ. కానీ..."

"అయితే ఇంకేముంది."

అతన్ని కొట్టలేదు. బయటికి పంపి, గేటు అవతల నిలబెట్టారు. శుద్ధి చేయాలి గనక, ఎక్కడెక్కడ ముట్టావో చూపించమన్నారు. అతను రోడ్డు మీద నిలబడి వేలితో చూపించాడు. ఆ దీపస్తంభం. ఆ గంట తాడు. పల్లకీ కొమ్ము, ముందుది. పూలబుట్ట. కొట్టుగది గొళ్ళెం. పూజారి తమ్ముడు పసుపునీళ్ళ చెంబుతో అతని వేలు వెంబడే నడిచి చల్లుతున్నాడు. లోపలి గోడ మూల రేకు కారుతుంటే తాను తారు పూశానని కూడా జక్కయ్య గుర్తుచేశాడు. నిచ్చెన తెచ్చి అక్కడా చల్లారు. చూపించేకొద్దీ ఇంకా ఉంది. అతని చెయ్యి పడని చోటు ఆ గుడిలో పెద్దగా లేదు. చివరికి పూజారి తమ్ముడికి విసుగొచ్చి, ఇక చాలు ఫో అన్నాడు.

మధ్యాహ్నం మహాలక్ష్మమ్మ వాకిటికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. ఆమె లోపల పొయ్యి దగ్గర ఉంది, అటు తిరిగి. అతను తినే పళ్ళెం, తాగే గ్లాసు వీధి కుళాయి పక్కన మట్టిలో పెట్టి ఉన్నాయి. కడిగే పెట్టింది. అక్కా అన్నాడు. ఆమె తిరగలేదు.

"జొరం వచ్చినప్పుడు నీ చేతి గంజి తాగీసినాను," అంది పొయ్యితోనే. "మరి నన్నేటి సెయ్యమంటావు?"

సాయంత్రం వెంకట్రామయ్యగారు మిల్లుకు మనిషిని పంపి, అతన్ని కలప అడితికి పిలిపించుకున్నారు. దుంగల మధ్య నిలబెట్టి, తాను కుర్చీలో కూర్చున్నారు. ఓడకు చీటీ కొన్నానన్నారు. ఇక్కడ ఉంటే రేవు కుర్రాళ్ళు ఏదైనా చేస్తారని, ఇంటికి పొమ్మని చెప్పారు. మెల్లగానే మాట్లాడారు.

"లక్క సంగతి నాకు తెలుసు జక్కయ్యా," అన్నారు చివర. "కలప వ్యాపారిని. చెక్కలో పగులు లక్కతో పూడిస్తే నాకు తెలియదా?"

ఆయన కుర్చీలో ముందుకు వంగారు.

"రాయి తప్పంటే స్వామిని ఏట్లో వెయ్యాలి. మళ్ళీ ఊరంతా చందా అడగాలి. నా ముఖం చూసి ఇచ్చారు అందరూ. నీ తప్పంటే పసుపునీళ్ళతో పోతుంది. నువ్వే చెప్పు, నా స్థానంలో ఉంటే ఏం చేస్తావు?"

అది మాటవరసకు అడిగింది కాదు. ఆయన నిజంగానే జవాబు కోసం ఆగారు. ఆయన స్థానంలో తనను ఊహించుకోవడం జక్కయ్యకు చేతకాలేదు.

చిటికెనవేలికి, వేణువుకు వెండి తొడుగు వేసి, ముహూర్తం తప్పకుండా ప్రతిష్ఠ చేశారు. బ్రహ్మయ్యకు శాలువా కప్పారు. ఆ నాదస్వరం జక్కయ్యకు రేవులోకి వినపడింది.

వెల్దుర్తి చేరేసరికి కథ అతనికంటే ముందే చేరి ఉంది. బ్రహ్మయ్య దుర్గికి ఉత్తరం రాశాడు, దుర్గినుంచి సంతలో మనుషులు మోశారు. పల్లెలో అతనికి వేరే పేరు పెట్టారు. పూజారి అనేవాళ్ళు. ఏం పూజారీ, గంట ఎప్పుడు కొడతావు అనేవాళ్ళు. ఊరివాళ్ళు గుడిలో దూరినోడని పనికి పిలవలేదు. చర్చిలో నెహెమ్యా పాస్టరుగారు, పదేళ్ళు విగ్రహానికి దీపం పెట్టినవాడు ఏమీ జరగనట్టు ప్రభుసంస్కారపు రొట్టెకు చెయ్యి చాపడం కుదరదన్నారు. అందరి ఎదుటా మోకరించి ఒప్పుకోవాలి.

ముందురోజు రాత్రి సారమ్మ అన్నం పెడుతూ బతిమాలింది. మోకాళ్ళూనితే పోయేదేముందిరా, నాకు మాత్రం ఎవరున్నారు అంది. జక్కయ్య సరేనన్నాడు.

ఆదివారం మోకరించాడు. ఆ గుడిలో ఉన్నదంతా చీకటేనని ఒప్పుకుంటున్నావా అని పాస్టరుగారు అడిగారు. ఒప్పుకుంటున్నానన్నాడు. అక్కడ నీకు సంతోషం దొరికిందనుకోవడం భ్రమేనని ఒప్పుకుంటున్నావా. ఒప్పుకుంటున్నానన్నాడు. గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పాడు. వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆరునెలలు గుమ్మం దగ్గర కూర్చోమన్నారు. కూర్చున్నాడు. ఆరునెలల తర్వాత లోపలికి రమ్మన్నారు. చాప మీద అతను కూర్చున్న పక్క మనిషి కొంచెం జరిగి చోటిచ్చాడు. కావలసినదానికంటే ఎక్కువ చోటే ఇచ్చాడు.

అప్పటికి కృష్ణ మీద డ్యాము పని జోరుగా నడుస్తోంది. మాచర్ల వైపునుంచి లారీలు మనుషుల్ని ఎక్కించుకు పోతున్నాయి. సారమ్మ చనిపోయిన ఏడాది జక్కయ్య అక్కడికి వెళ్ళాడు. మళ్ళీ రాళ్ళే. నడుము మునుపటిలా వంగేది కాదు. ఎక్కడెక్కడినుంచో వేలమంది వచ్చారు. పాలమూరువాళ్ళు, ఒరియావాళ్ళు, అరవ తాపీవాళ్ళు. సాయంత్రానికి అందరి ఒళ్ళూ ఒకే రంగు రాతిదుమ్ము. ఎవరు ఎవరో తెలిసే వీలు లేదు. రేకుల గుడిసెల మధ్య ఒకే పొయ్యి మీద నాలుగు భాషలవాళ్ళు వండుకునేవాళ్ళు.

వెళ్ళిన రెండోరోజు, ఎండ నడినెత్తిన ఉండగా, నీళ్ళు పోసే మనిషి వచ్చింది. పాలమూరు పడుచు. నెత్తిన కుండ, చేతిలో రేకు డబ్బా. ముందున్నవాళ్ళకు డబ్బా ముంచి చేతికి ఇస్తోంది. తాగి తిరిగి ఇస్తున్నారు. ఇంకొకరికి మళ్ళీ అదే డబ్బా. జక్కయ్య దగ్గరికి వచ్చింది. డబ్బా నిండా ముంచి, అతని చేతికి చాపింది.

జక్కయ్య రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"మేం మాలోళ్ళమమ్మా," అన్నాడు. "కిరస్తానీలం. వెల్దుర్తి."

ఆ పిల్ల విసుగ్గా చూసింది.

"నేనేమన్న అడిగిన్నా?"

అతను అప్పటికే నేల మీద గొంతుక్కూర్చుని, దోసిలి పట్టి, నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె డబ్బాను కొంచెం పైకి, ఇంకొంచెం పైకి ఎత్తి, నీళ్ళు పోసింది.